మాట మధ్యలో ఊపిరి

బుడగ మళ్ళీ అక్కడే ఆగింది.

అద్దానికి ఇవతల బెంచీ మీద కూర్చున్న పిన్ని ఒళ్ళోని సంచీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. అద్దానికి అవతల, గోడల నిండా బూడిదరంగు స్పాంజి అతికించిన ఇరుకు గదిలో ఆమె అక్క కూతురు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు నిలబడి ఉంది. చిన్నప్పుడు ఊపిరి బిగబట్టి, బుగ్గలు పూరించి ఇంటిల్లిపాదినీ హడలగొట్టేది కాబట్టి ఆ పిల్ల బుడగ అయింది. ఇప్పుడా బుగ్గలు లేవు గానీ పేరు మాత్రం అంటిపెట్టుకునే ఉంది.

గడ్డం మాస్టారు మీట నొక్కి పాట ఆపాడు. పాట కట్టిందీ ఆయనే, రికార్డు చేసేదీ ఆయనే. కుర్రవాడే అయినా గడ్డం పుణ్యమా అని చిన్నా పెద్దా అందరిచేతా మాస్టారూ అనిపించుకుంటున్నాడు.

"వానని ఆగమని నువ్వాగిపోతే ఎలాగమ్మా?" అన్నాడు మైకులో, నవ్వుతూనే.

పల్లవి ఒక్కటే వాక్యం, వెంటవెంటనే తిరిగి వస్తుంది. 'వెళ్ళిపోకే వానా, ఇంకాసేపాగవే.' చివరి మాటలో 'పా' దగ్గర గొంతు పైకి లేచి, అక్కడే చాలాసేపు నిలిచి, నెమ్మదిగా 'గవే' మీదికి దిగాలి. బుడగ బ్రహ్మాండంగా ఎక్కుతోంది. ఎక్కి, సరిగ్గా ఆ 'పా' నడిమధ్యలో ఆగి, ఊపిరి పీల్చుకుని, ఏమీ ఎరగనట్టు మళ్ళీ అందుకుంటోంది. ఊపిరి చాలక కాదు. ఆ పిల్ల ఊపిరికి కొదవేమిటి?

"వానా అన్నాక చిన్న గ్యాప్ ఉంది చూడు, అక్కడ తీసుకో. లేదంటే లైను మొత్తం అయ్యాక తీసుకో. అందరూ తీసుకునేది అక్కడేగా."

"సరే మాస్టారూ," అంది బుడగ. సరేననడమైతే పొద్దుటినుంచీ అంటూనే ఉంది.

ఈసారి చెప్పిన చోటే తీసుకుంది. పాట ఆగలేదు, కానీ అందులో ప్రాణం లేదు. ఊపిరి సంగతి గుర్తుపెట్టుకుంటే పాట మర్చిపోతోంది, పాటలో పడితే ఊపిరి మర్చిపోతోంది. మాస్టారు గడ్డం గోక్కున్నాడు.

వెనకాల కుర్చీలో ఫోను చూసుకుంటున్న కంపెనీ ఆవిడ తల ఎత్తింది. కొత్త గొంతులతో పాటలు తెచ్చే కంపెనీ తరఫున వచ్చిన మనిషి.

"మిషన్లో అతికించెయ్యొచ్చుగా మాస్టారూ?"

"అతికించి చూశానండీ. రికార్డులో ఎలాగో నెట్టుకొచ్చినా వచ్చేవారం స్టేజీ మీద ఎవరతికిస్తారు?"

"అయితే శనివారం దాకా చూద్దాం. ఈ పాటకి ఇంకో అమ్మాయి రెడీగా ఉంది. ఈ అమ్మాయిని కోరస్‌లో పెట్టుకుందాం. గొంతు బాగుందిగా, వదిలేద్దామని కాదు."

ఆవిడ మాటలో ద్వేషం లేదు, కుర్చీ ఇటునుంచి అటు జరపమన్నంత తేలిగ్గా అంది. కానీ కోరస్ అన్న మాట పిన్ని గుండెలో కలుక్కుమంది. అక్కా తనూ జన్మంతా చేసిందదే. ఫంక్షను హాళ్ళలో, షాపుల ప్రారంభోత్సవాల్లో ముందర ఎవరో మెరుస్తూ నిలబడితే వెనకాల వరసగా నిలబడి ఆ మనిషి పాట కింద పడకుండా మోయడం. పిల్ల కూడా జడలేసుకునే వయసునుంచీ వాళ్ళ పక్కనే నిలబడింది. అట్లాంటి ఒక షాపు గుమ్మంలోనే ఈ మాస్టారు ముగ్గురి గొంతుల్లోంచీ దీని గొంతు ఏరుకుని, ఇది సోల్ పాటల గొంతు, గుండె లోతుల్లోంచి వచ్చే గొంతు, దీన్ని ముందుకు తేవాలి అన్నాడు. తెచ్చాడు. ఇప్పుడు మళ్ళీ వెనక్కి పంపేలా ఉన్నారు.

"ఇంటివాళ్ళు ఎదురుగా ఉంటే ధైర్యంగా ఉంటుందేమో. మీరిలా వచ్చి అద్దం దగ్గర నిలబడతారా అమ్మా?" అని మాస్టారే అడిగాడు.

పిన్ని సంచీ బెంచీ మీద పెట్టి వెళ్ళి నిలబడింది. పాట మొదలవగానే పెదవులు వాటంతటవే కదిలాయి. వేళ్ళతో చీర అంచు మీద తాళం వేస్తూ, గొంతు బయటికి రాకుండా పిల్లతో పాటే పాడింది. లైను చివర భుజాలు ఎత్తి హాయిగా ఊపిరి తీసుకుంది. చూశావా, ఇక్కడా అన్నట్టు కళ్ళెగరేసింది కూడా.

బుడగ చూసింది. చూసి, లైను చివర ఆగకుండా తర్వాతి లైనులోకి దూకేసి, మళ్ళీ ఆ 'పా' మధ్యలోనే, ఇందాకటికన్నా స్పష్టంగా ఆగింది.

రెండోసారీ అంతే. మూడోసారి మాస్టారు ఎంతో మర్యాదగా, "కాసేపు బయట కూర్చుంటారా అమ్మా, టీ పంపిస్తాను," అన్నాడు. పిన్ని వరండాలో కూర్చుని టీ తాగింది. టీ బాగానే ఉంది, ఆమెకే గొంతు దిగలేదు.

*

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరికీ చివరి సీటు దొరికింది. బుడగ కిటికీకి తల ఆనించి కూర్చుంది.

"ఏమే, అంత కష్టంగా ఉందా?"

"కష్టం కాదు పిన్నీ. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే నువ్వూ అమ్మా పక్కనే ఉన్నట్టుంటుంది. మీరున్నార్లే, పట్టుకుంటార్లే అనిపించి ఆగిపోతాను. ఆగాక చూస్తే ఎవరూ ఉండరు."

మాట తోచనప్పుడు పిన్ని కూనిరాగం తీస్తుంది. ఆ వాన పాటే అందుకుంది. బుడగ కూడా కళ్ళు మూసుకునే కలిసింది. బస్సు కుదుపుల్లో పల్లవి ఒకసారి తిరిగొచ్చింది, రెండుసార్లు తిరిగొచ్చింది. లైను చివర పిన్ని ఊపిరి తీసుకుంది, బుడగ తీసుకోలేదు. పిన్నికి ఏదో తట్టింది. ఈసారి కావాలని 'వానా' దగ్గరే తీసుకుని లైను చివర తీసుకోకుండా చూసింది. బుడగ 'వానా' దగ్గర గీత తొక్కకుండా దాటినట్టు దాటిపోయి, లైను చివర తీసుకుంది. తీసుకున్నట్టు ఆ పిల్లకే తెలియదు.

పిన్ని పాడటం ఆపేసింది. ఇందాక అద్దం ముందు తను చేసిన ఘనకార్యం ఏమిటో అప్పుడు అర్థమైంది.

పిన్ని తల్లి, అంటే బుడగ అమ్మమ్మ, ముగ్గురినీ గోడవారగా నిలబెట్టి నేర్పిన మొట్టమొదటి సంగతి అదే. పక్కవాళ్ళు ఊపిరి తీసిన చోట మనం తీయకూడదు. ముగ్గురూ ఒకేచోట తీస్తే పాటకి చిల్లు పడుతుంది. మర్చిపోతే వీపు మీద వేలితో పొడిచేది. పెద్దది కాబట్టి అక్క లైను మధ్యలో ఉండే విరుపు తీసుకుంది. లైను చివర పిన్నిది. ఆఖర్న వచ్చి చేరిన చిన్నపిల్లకి మంచి చోట్లేవీ మిగల్లేదు. పెద్దవాళ్ళిద్దరూ గట్టిగా పాడుతున్నప్పుడు, మాట నడిమధ్యలో, ఎవరికీ తెలియకుండా తీసుకోవాలి. అది దొంగతనంగా తీసుకునే ఊపిరి. ఆ పిల్ల ఇన్నేళ్ళూ అలాగే తీసుకుంది. అలాంటి పిల్ల ఎదురుగా తను నిలబడి లైను చివర భుజాలెత్తి మరీ చూపిస్తే, ఆ చోటు పిన్నిది, నేను ముట్టుకోకూడదు అనుకోక ఏం చేస్తుంది?

"ఏంటి పిన్నీ, నవ్వుతున్నావు?"

"ఏం లేదులే. దిగేచోటు వస్తోంది, లే."

ఇంటి దగ్గర అక్క మోకాలికి వేడినీళ్ళ సీసా కట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది. ఆ మోకాలి వల్లే తను వెళ్ళలేక చెల్లెల్ని తోడు పంపింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"శనివారం మళ్ళీ రమ్మన్నారు," అంది పిన్ని. "అయిపోతుందిలే అక్కా."

"అయిపోతుందంటే? అవుతుందనా, చేజారిపోతుందనా?"

"నీ నోట్లోంచి మంచిమాట ఒక్కటీ రాదు కదా," అని పిన్ని లోపలికి వెళ్ళిపోయింది.

*

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పిన్నిది రోలరు దగ్గర పని. తడి దుప్పటిని చెరో అంచూ పట్టుకుని ఇద్దరు మనుషులు ఒక్కసారి విదిలించి, అంచును వేడి రోలరు మీద పరిచి, అరచేతులతో మధ్యనుంచి పక్కలకి సర్దుతూ పోవాలి. ముడత పడితే అవతలివైపు ఆ ముడత ఇస్త్రీ అయి వస్తుంది. రోలరు ఎవరికోసమూ ఆగదు. దాని హోరులో ఎవరేం పాడుకున్నా పక్కమనిషికి వినపడదు, అదొక్కటే ఆ పనిలో సుఖం.

ఆ హోరులో పిన్ని, పాటలో బుడగ ఊపిరి తీసే చోటే తనూ తీసి చూసింది.

మొదటిసారి ఎక్కిళ్ళు వచ్చినట్టయింది. రెండోసారి ఊపిరైతే అందింది గానీ మళ్ళీ అందుకున్న గొంతు మెట్టు దిగిపోయింది. మూడోసారి మెట్టు మీదే నిలబడింది కానీ 'పా'ని తలుపు తీసినట్టు కొత్తగా మొదలుపెట్టింది. అందుకోవడమంటే అలా కాదు. విడిచిపెట్టిన చోటే, విడిచిపెట్టనట్టు ఉండాలి. ఇంత వయసొచ్చి, ఇన్ని పాటలు పాడి, ఒక మాట మధ్యలో ఊపిరి తీసుకోవడం చేతకాక పిన్ని చెమటలు కక్కింది.

"ఆయాసమా?" అని అరిచింది రోలరుకి అటు చివర దుప్పటి పట్టుకునే జతగత్తె. "చూపించుకో! పని చేసేది ఆసుపత్రివాళ్ళకేగా, సిగ్గెందుకు?"

"ఆయాసం కాదే, పాట!"

"పాటకి ఇంత రొప్పుతారా? నేనింకా నయం, పాడను!"

ఇద్దరూ నవ్వారు. దుప్పటి వంకరపోయింది, మళ్ళీ లాగి పరిచారు.

మర్నాడు మధ్యాహ్నానికి కాస్త దారి దొరికింది. ముక్కుతో పీల్చకూడదు. గొంతుని సన్నం చేసుకుంటూ వెళ్ళి, వినపడీ వినపడనంతగా అయ్యాక, పొట్ట వదిలెయ్యాలి. గాలి దానంతటదే వచ్చి కూర్చుంటుంది. మళ్ళీ అంత సన్నంగానే మొదలుపెట్టి లావు చేసుకోవాలి. ఒకసారి కుదిరింది, నాలుగుసార్లు కుదరలేదు. తర్వాత రెండుసార్లు కుదిరింది.

కుదిరిన ఆనందంలో దుప్పటి అంచు సర్దుతూ సర్దుతూ పిన్ని చెయ్యి ఆగింది. ఇది తనకెవరూ నేర్పలేదు, తనే తడుముకుని పట్టుకుంది. మరి దానికి మాత్రం ఎవరు నేర్పారు? మోకాళ్ళు దాటని గౌను వేసుకుని, పెద్దవాళ్ళిద్దరి మధ్యా నిలబడి, అంత చిన్న పొట్టతో ఇది తనంతట తనే కనిపెట్టుకుంది. కష్టంగా ఉందని ఒక్కనాడూ అనలేదు. అక్కాచెల్లెళ్ళ పాటకి తెంపే ఉండదు, ఏం పాడతారండీ అని జనం మెచ్చుకున్నప్పుడల్లా అక్కా తనూ మురిసిపోయారు. ఆ తెంపు లేకపోవడం సగం ఈ పిల్ల దయ. పిన్నికి ఆ క్షణాన బుడగ మీద ముద్దు కాదు, అంతకన్నా పెద్దదేదో, కృతజ్ఞత లాంటిది పొంగుకొచ్చింది. పెంచిన పిల్ల మీద కృతజ్ఞత ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆవిరికే కళ్ళు మండుతున్నాయన్నట్టు కొంగుతో తుడుచుకుంది.

"చెయ్యి, చెయ్యి!" అని జతగత్తె కేక పెట్టింది. పిన్ని రోలరు మీదినుంచి చెయ్యి లాక్కుంది. రెండు వేళ్ళ కొనలు చురుక్కుమని కందాయి, అంతకుమించి ఏమీ కాలేదు.

ఇంటికెళ్ళాక బుడగతో ఈ సంగతి ఎత్తలేదు. ఊపిరి గురించి చెబితే పాట చచ్చిపోతోందని అద్దంలోంచి కళ్ళారా చూసింది కదా. చెప్పకుండా ఉండటం పిన్నికి ఊపిరి తిప్పుకోవడం కన్నా కష్టమైన పని, అయినా నోరు కట్టుకుంది.

*

శనివారం కంపెనీ ఆవిడ వాళ్ళకంటే ముందే వచ్చి కూర్చుంది. పిన్ని తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారూ, నన్ను ఒక్కసారి అద్దం దగ్గర నిలబడనిస్తారా?"

"మొన్న చూశాంగదండీ," అని కంపెనీ ఆవిడే అందుకుంది.

"మొన్న నేను సరిగ్గా నిలబడలేదండీ."

మాస్టారు ఆమె మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో ఏమో, "రండమ్మా, నా పక్కనే నిలబడండి. మీరు పాడినా ఏం ఫర్వాలేదు, లోపలికి వినపడదు," అన్నాడు.

లోపల బుడగ హెడ్‌ఫోన్లు సర్దుకుంది. అద్దంలోంచి పిన్నిని చూసి నవ్వబోయింది, పెదవులు మాట వినలేదు. పిన్ని మాత్రం కొంగు నడుముకి దోపి, అక్కా తనూ హాలుకి వెళ్ళినప్పుడు నిలబడే తీరులో నిలబడింది.

పాట మొదలైంది. వెళ్ళిపోకే వానా. పిన్ని మెల్లిగా పాడుతోంది, ఈసారి పెదవులతోనే కాదు, గొంతుతో కూడా. ఇంకాసే. బుడగ 'పా' మీదికి లేచింది. లేచి నిలిచింది. ఆ పిల్ల భుజం కదలబోతుండగా పిన్ని ఆ చోటుని ముందుగా అందుకుంది. గొంతు సన్నం చేసుకుని, అద్దంలోంచి కనిపించేలా భుజాలు ఎత్తి, పొట్ట వదిలి, ఊపిరి తీసుకుంది.

బుడగ కళ్ళు పెద్దవయ్యాయి. పిన్ని తీసుకుంటోంది, ఆ చోటు ఇప్పుడు తనది కాదు. తను ఆగితే పాట పడిపోతుంది. ఆగలేదు. 'పా' ఇంకా పైకి వెళ్ళి, వెడల్పయి, గదిలో ఎవరూ కదలకుండా చేసి, అప్పుడు నింపాదిగా 'గవే' మీదికి దిగింది. లైను అయిపోయింది. అక్కడ పిన్ని ఊపిరి తీసుకోలేదు, బిగబట్టి నిలబడింది. పిన్ని ఖాళీ చేసి పెట్టిన ఆ చోట బుడగ గుండెనిండా ఊపిరి తీసుకుంది.

తీసుకుంటూనే ఆ పిల్లకి అంతా అర్థమైంది. పాట ఆపలేదు గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తడి గొంతులోకి కూడా దిగింది. మాస్టారు మీట దగ్గర వేలు అలాగే ఉంచి మర్చిపోయాడు. కంపెనీ ఆవిడ ఫోను ఒళ్ళో బోర్లా పెట్టింది.

రెండో చరణం తర్వాత మళ్ళీ పల్లవి వచ్చింది. అప్పుడూ అంతే. మూడోసారి పల్లవికి ముందు పిన్ని అద్దానికి వీపు పెట్టి తిరిగి నిలబడింది. ఇంతవరకూ ఆమె చేసినదంతా ఒక ఎత్తు, ఇలా తిరగడం ఒక ఎత్తు. స్టేజీ మీద తను ఎదురుగా ఉండదు కదా. కళ్ళు మూసుకుని వింది. స్పీకర్లోంచి వస్తున్న గొంతు ఎక్కింది, నిలిచింది, దిగింది. ఎక్కడా తెగలేదు. ఇక దీనికి నా అవసరం లేదు అనుకుంది పిన్ని. అనుకుంటే బాధగా ఉంటుందేమోనని ఒక్క క్షణం చూసుకుంది. లేదు, ఇంత సంతోషం తనకు రాసిపెట్టి ఉందా అనిపించింది.

పాట అయిపోయింది. కంపెనీ ఆవిడే ముందుగా, "ఇంకో అమ్మాయికి నేను ఫోన్ చేసి చెప్పేస్తాలెండి," అంటూ లేచింది. పోతూ పోతూ పిన్ని భుజం మీద చెయ్యి వేసింది. "మీ అమ్మాయికి ముందే చెప్పండి, వచ్చేవారం గొంతు జాగ్రత్తగా చూసుకోమని."

బుడగ తలుపు తోసుకుని బయటికి వచ్చి పిన్నిని చుట్టేసుకుంది. మాస్టారు హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని, నవ్వి, కాస్త మొహమాటపడుతూ అన్నాడు:

"అమ్మా, మీ గొంతు కూడా బాగుంది. పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. తప్పుగా అనుకోకండి, ఒక్క మాట. మీరు మాట మధ్యలో ఊపిరి తీస్తున్నారు. లైను అయ్యాక తీసుకోవాలి. మీ అమ్మాయిని చూడండి, ఎంత చక్కగా తీసుకుంటోందో. మొన్నటిదాకా తనకున్న ఆ అలవాటు బహుశా మిమ్మల్ని వినే పడి ఉంటుంది."

"అయ్యో మాస్టారూ, అది కాదు, పిన్ని..." అని బుడగ నోరు తెరిచింది. పిన్ని ఆ పిల్ల కాలు తొక్కింది.

"అలాగే మాస్టారూ," అంది వినయంగా. "ఇకనుంచీ దీన్ని చూసే నేర్చుకుంటాను."

మాస్టారు పాపం మంచివాడు. చెప్పిన మాట విన్నందుకు సంతోషించి ఇద్దరికీ టీ తెప్పించాడు. ఈసారి టీ పిన్ని గొంతులో చక్కగా దిగింది. బస్సెక్కాక మాత్రం ఆపుకోలేకపోయింది. నవ్వీ నవ్వీ ముందుసీటు కమ్మీ పట్టుకుని వంగిపోయింది. బుడగ నవ్విందో ఏడ్చిందో చెప్పడం కష్టం.

*

అక్క గుమ్మంలోంచి లేవకుండానే సంగతంతా వింది. పాట దక్కిందన్నది వింది, కంపెనీ ఆవిడ ఏమన్నదీ వింది. ఊపిరి సంగతి మాత్రం వాళ్ళిద్దరూ చెప్పలేదు, తర్వాత చెబుదామనుకున్నారు. అక్క మొహం కడుక్కుని వచ్చి వంటగది గోడవార మంచం మీద కూర్చుంది.

"ఆ వాన పాట నాకు రాదు. మన పాటేదైనా పాడండి, నేనూ పాడతాను. వచ్చేవారంనుంచీ ఇది మనకి దొరుకుతుందో దొరకదో."

వంటగది గోడకి ఆనుకుని ముగ్గురూ అందుకున్నారు. హాళ్ళలో వేలసార్లు పాడిన పాటే, ఎవరి చోటు ఎవరిదో కొత్తగా అనుకోనక్కర్లేని పాట. అక్క విరుపు దగ్గర తన ఊపిరి తను తీసుకుంది. లైను సాగింది, పొడుగాటి స్వరం వచ్చింది. అక్కడ పిన్ని గొంతు సన్నమై, ఒక్క క్షణం లేకుండా పోయి, మళ్ళీ అంతే సన్నగా వచ్చి కలిసింది. ఆమె అనుకుని చేసింది కాదు, రోలరు దగ్గర పడిన అలవాటు దానంతటదే వచ్చింది. లైను చివర పిన్ని పాడుతూ ఉంటే బుడగ ఊపిరి తీసుకుంది. పాట ఎక్కడా తెగలేదు.

అక్క ఆపేసింది. ఇన్నేళ్ళ చెవి ఆమెది.

"ఏంటే ఇది? మీరిద్దరూ చోట్లు మార్చుకున్నారా?"

బుడగ పిన్ని వైపు చూసింది. ఏదో పెద్దమాటే చెప్పాలనుకుంది, ఆ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. చివరికి నోటికొచ్చింది ఒక్కటే.

"నీ చోటు ఎంత హాయిగా ఉందో పిన్నీ."

"తెలుసు," అంది పిన్ని. "ఉంచుకో."

అక్క ఇద్దరినీ ఎగాదిగా చూసింది. చెల్లెలి చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, కాలిన ఆ రెండు వేళ్ళ కొనలూ నిమిరింది. తర్వాత, "మొదట్నించీ," అని తనే శ్రుతి అందించింది.